షేల్ బావి మూస్తే చమురు తగ్గుతుందా?

అమెరికాలో ఫలానా చోట ఇన్ని షేల్ బావులు మూసివేశారన్న వార్త వెలువడగానే ముడి చమురు వాయిదా ధరలు ఒక్క గెంతు గెంతుతాయి. ఆ సాయంత్రానికే గోరుచిక్కుడు గింజల బేరాల్లోనూ, పామాయిలు బేరాల్లోనూ కదలిక కనిపిస్తుంది. మిర్యాలగూడ మిల్లర్లు, కోదాడ, సూర్యాపేట లారీ యజమానులు డీజిల్ పెరుగుతుందేమోనని ఆరా తీస్తారు. బావి మూత అంటే సరఫరా తగ్గడమనీ, సరఫరా తగ్గితే తేజీ అనీ బజారు ఏనాటి నుంచో నమ్ముతున్న సూత్రం.

షేల్ బావుల విషయంలో ఈ సూత్రం సగమే నిజం. కొన్ని బావులను మూసేది చమురు ఆపడానికి కాదు, రాబట్టడానికే. మరికొన్నిటిని ధర లేక మూస్తారు గాని, వాటిలోని చమురు ఎక్కడికీ పోదు. ఈ తేడా గమనించని వ్యాపారి మూత వార్త మీద కొని, తెరిచిన వార్త మీద నష్టానికి అమ్ముకుంటాడు.

పెద్దవూర బోరు

హాలియా నుంచి సాగర్ వెళ్లే దారిలో పెద్దవూర మండలంలో ఏ బత్తాయి తోట రైతును అడిగినా ఈ సంగతి సగం చెబుతాడు. సాగర్ జలాశయం పక్కనే వున్నా కాలువ నీరు ఎక్కని మెట్ట పొలాలు అక్కడ చాలా వున్నాయి. వాటికి బోర్లే దిక్కు. అడుగున వున్నది గట్టి గ్రానైటు. ఆ రాయిలో నీరు వుండదు, రాయి పగుళ్లలో వుంటుంది. ఎండాకాలంలో ఇంచున్నర పోసే బోరు రెండు గంటలకే ఆగి ఆగి పోయడం మొదలుపెడుతుంది. రైతు మోటారు ఆపి నాలుగైదు గంటలు ఊరనిస్తాడు. మళ్లీ వేస్తే మొదటి అరగంట రెండించుల ధార పడుతుంది. ఆ జోరు చూసి బోరులో నీరు పెరిగిందని ఏ రైతూ అనుకోడు. చుట్టుపక్కల పగుళ్ల నుంచి బోరు దగ్గరికి చేరి నిలిచిన నీరది. రోజు మొత్తం మీద పడే నీరు దాదాపు అంతే.

వట్టిపోయిన చేతిపంపు బోర్లకు హైడ్రో ఫ్రాక్చరింగ్ చేయడం కూడా తెలుగు పల్లెలకు కొత్త కాదు. బోరులోకి రబ్బరు ప్యాకరు దించి బిగించి, దాని కిందికి అధిక ఒత్తిడితో నీరు ఎక్కిస్తారు. మట్టితో పూడుకున్న పాత పగుళ్లు తెరుచుకుని దూరపు పగుళ్లతో కలుస్తాయి. మరునాడే పంపు కొట్టి చూసుకోవచ్చు.

షేల్ చమురు బావిలో చేసేదీ పేరుకు ఇదే పని. అయితే రాయి వేరు, లెక్క వేరు. షేల్ అంటే కోట్ల సంవత్సరాల కిందటి బురద గట్టిపడి పలకలు పలకలుగా మారిన రాయి. ఇందులో చమురు పగుళ్లలో కాక రాయిలోపలే, మిల్లీమీటరులో పది లక్షల వంతుతో కొలిచే సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని వుంటుంది. బావిని రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దించి, అక్కడినుంచి అడ్డంగా మరో రెండు మూడు కిలోమీటర్లు నడిపి, పొడవునా విడతలు విడతలుగా నీరు, ఇసుక ఎక్కించి రాతిని చీలుస్తారు. చీలికలు మూసుకుపోకుండా ఇసుక రేణువులు గూటాల్లా నిలబడతాయి. ఒక్క బావికి వేల టన్నుల ఇసుక, కోట్ల లీటర్ల నీరు ఖర్చవుతాయి.

వింత ఏమంటే, ఎక్కించిన నీటిలో సగం కూడా చాలా చోట్ల తిరిగి పైకి రాదు. కొన్ని షేల్ ప్రాంతాల్లో పదో వంతు కూడా రాలేదు. ఆ నీరంతా ఏమైందన్న ప్రశ్న దగ్గరే బావి మూత కథ మొదలవుతుంది.

నానబెట్టడం ఎందుకు?

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం ఆడించే మిల్లరుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ధాన్యాన్ని హౌజులో నానబెడితే నీరు పొట్టు దాటి గింజ నడుమ దాకా చేరాలి. ముందుగా తీస్తే గింజ కడుపులో తెల్లమచ్చ మిగులుతుంది. మరీ ఆలస్యం చేస్తే పొట్టు విచ్చి, వాసన వచ్చి, సరుకు రేటు పడిపోతుంది. ఎన్ని గంటలన్నది వడ్ల రకాన్ని బట్టి, నీటి వేడిని బట్టి మారుతుంది.

చీల్చిన షేల్ రాయి సంగతీ అంతే. పని ముగిసిన మరుక్షణం బావి తెరిస్తే చీలికల గోడల్లో చేరిన నీరే చమురుకు అడ్డుగోడ అవుతుంది. చమురు ఆ తడి పొరను తోసుకుని రాలేదు. అదే కవాటం బిగించి కొద్ది రోజులు వదిలేస్తే, దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు సన్నని రంధ్రాలు నీటిని లోపలికి పీల్చుకుంటాయి. నీరు ఆక్రమించిన చోటునుంచి చమురు కదిలి, కాస్త పెద్ద రంధ్రాల గుండా చీలికలోకి వస్తుంది. పైగా రాతిలోని పాత నీరు బాగా ఉప్పగా వుండి, ఎక్కించిన నీరు చప్పగా వుంటే ఆ తేడా కూడా నీటిని లోపలికి లాగుతుంది. చీలికల దగ్గర పోగుపడిన ఒత్తిడి సైతం ఈలోగా రాతిలోకి సర్దుకుంటుంది. తెరిచాక నీరు తక్కువగా, చమురు ఎక్కువగా వస్తుంది. తిరిగిరాని నీరు వృథా కాలేదన్నమాట. అందులో కొంత రాతిలో చమురు ఖాళీ చేసిన చోట కూర్చున్నది.

చైనాలో, సిన్‌జియాంగ్‌లోని జిమ్సర్ వంటి షేల్ చమురు క్షేత్రాల్లో ఈ నానబెట్టడాన్ని పనిలో ఒక విడతగానే పాటిస్తున్నారు. వారాల కొద్దీ మూసి వుంచి ఆ తరువాతే తెరుస్తారు. అమెరికాలో అంత ఓపిక అరుదు. అక్కడ ఒక్కో బావికి లక్షల్లో కాదు, దాదాపు కోటి డాలర్ల దాకా పెట్టుబడి పడుతుంది. అప్పు తెచ్చి తవ్వే కంపెనీకి నెల రోజుల మూత అంటే నెల రోజుల వడ్డీ. ప్రభుత్వ సంస్థ ఆగినంత కాలం షేర్‌హోల్డర్లకు జవాబు చెప్పుకోవలసిన కంపెనీ ఆగలేదు. ఎన్నాళ్లు నానాలన్నది భూగర్భ శాస్త్రం ఒక్కటే నిర్ణయించదు, బ్యాంకు పద్దు కూడా నిర్ణయిస్తుంది.

నాని చెడే రాయీ వున్నది

అన్ని రాళ్లూ నీటిని ప్రేమించవు. సేంద్రియ పదార్థం దండిగా వున్న షేల్ పొరల్లో రంధ్రాల గోడలు చమురుకే అంటుకుని వుంటాయి. అవి నీటిని పీల్చవు. అలాంటి చోట ఎన్నాళ్లు మూసినా లాభం అంతంత మాత్రమే. అందుకే సబ్బు జాతి రసాయనాలు కలిపి గోడల గుణం మార్చడానికి ప్రయత్నిస్తారు.

కీడు జరిగే రాళ్లు కూడా వున్నాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చడానికి కారణమైన బంకమన్ను జాతే కొన్ని షేల్ రాళ్లలోనూ వుంటుంది. నీరు తగిలితే అది ఉబ్బి రంధ్రాలను పూడ్చేస్తుంది. రాయి మెత్తబడితే ఇసుక రేణువులు గోడల్లోకి దిగబడి చీలిక సన్నబడుతుంది. దీన్ని అరికట్టడానికి కలిపే వాటిలో ఒకటి పొటాషియం క్లోరైడ్. ఎరువుల దుకాణాల్లో పొటాష్ పేరుతో అమ్మే లవణం ఇదే.

కనుక మూత మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఒక క్షేత్రంలో మేలు చేసిన ముప్పై రోజులు మరో క్షేత్రంలో బావిని పాడుచేయవచ్చు. కొంతకాలం దాకా నానుడు మేలు చేసి, ఆ తరువాత లాభం ఆగిపోతుంది. మరీ సాగితే నష్టం మొదలవుతుంది. ఆ గడువు ఎక్కడన్నది రాతి ముక్కను ప్రయోగశాలలో పరీక్షించి, పక్కపక్క బావులను పోల్చి తేల్చుకోవలసిందే.

అయినా ఇంత తంటాలు పడటానికి కారణం వున్నది. షేల్ రాతిలో నూరు పీపాల చమురు వుంటే పైకి వచ్చేది మామూలుగా పది పీపాల లోపే. ఆరు పీపాలు వచ్చే చోట నానబెట్టి ఏడు రాబట్టగలిగితే చూడటానికి పెరిగింది నూటికి ఒకటే. కంపెనీ రాబడిలో మాత్రం అది ఆరో వంతు.

మొదటి నెల అంకె

ఇక్కడే వ్యాపారి జాగ్రత్త పడాలి. చమురు కంపెనీలు కొత్త బావి గురించి ప్రకటించేది మొదటి 24 గంటల అంకె, లేదా మొదటి 30 రోజుల సగటు. నానబెట్టి తెరిచిన బావి, పెద్దవూర బోరులాగే, మొదట జోరుగా పోస్తుంది. ఆ జోరులో కొంత నిజంగా అదనపు చమురు, కొంత ముందుగా వచ్చిన చమురు. రెండింటినీ విడదీయడానికి కనీసం ఏడాది ఉత్పత్తి చూడాలి. షేల్ బావి దిగుబడి మొదటి సంవత్సరంలోనే సగానికి పైగా పడిపోతుంది. మొదటి నెల అంకెను పన్నెండుతో గుణించి సరఫరా లెక్కవేసేవారు ఏటా మోసపోతూనే వున్నారు.

మూత అన్న ఒక్క మాట కింద ఇంకో పని కూడా దాగివున్నది. పక్కనే కొత్త బావిని చీలుస్తున్నప్పుడు ఆ ఒత్తిడి పాత బావిలోకి దూసుకువచ్చి ఇసుకతో నింపే ప్రమాదం వుంటుంది. అందుకని పాత బావులను కొద్ది రోజులు మూసి వుంచుతారు. ఇలాంటి మూతలు పెరిగాయంటే చమురు తగ్గుతున్నదని కాదు, మరికొన్ని వారాల్లో కొత్త చమురు రాబోతున్నదని అర్థం. వార్తలో ఇది విడిగా రాదు.

2020 పాఠం

ధర లేక మూసిన బావుల కథ వేరు. 2020 ఏప్రిల్ 20న న్యూయార్క్ బజారులో మే నెల ముడి చమురు వాయిదా పీపాకు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. లాక్‌డౌన్‌తో గిరాకీ కుప్పకూలి, ఓక్లహోమాలోని కుషింగ్ ట్యాంకుల్లో ఖాళీ దొరకని పరిస్థితి. సరుకు ఎత్తలేనివారు ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. మన ఎంసీఎక్స్‌లో ఆ రోజుల్లో వ్యాపారం సాయంత్రం 5 గంటలకే ముగిసేది. చివరి బేరం 965 రూపాయల దరిదాపుల్లో జరిగింది. రాత్రి న్యూయార్క్‌లో ధర తలకిందులైనప్పుడు ఇక్కడ ఎవరూ అమ్ముకునే వీలు లేకపోయింది. ఏప్రిల్ కాంట్రాక్టును పీపాకు మైనస్ 2,884 రూపాయలకు పరిష్కరించారు. వంద పీపాల లాటు 965కి కొని వుంచుకున్నవాడికి ఒక్కో లాటు మీద 3,84,900 రూపాయల నష్టం. వివాదం కోర్టుల దాకా వెళ్లింది. ధర సున్నా కన్నా దిగదని నమ్మినవారే ఆ రాత్రి ఎక్కువగా దెబ్బతిన్నారు.

దాని వెంటనే అమెరికా అంతటా బావుల మూత మొదలైంది. బాకెన్ షేల్ వున్న నార్త్ డకోటా రాష్ట్రంలో మార్చిలో రోజుకు 14 లక్షల పీపాలకు పైగా వున్న ఉత్పత్తి మే నెలకు 8 లక్షల 60 వేల దరిదాపులకు దిగింది. దేశం మొత్తం మీద మార్చిలో 1 కోటి 27 లక్షల పైచిలుకు వున్నది మే నెలలో కోటికి అటూ ఇటూ అయింది. అప్పట్లో చాలామంది నిపుణులు ఈ బావులు పాడైపోతాయనీ, నీరు అడ్డుపడి, ఉప్పు పేరుకుని, తిరిగి తెరిచినా పాత దిగుబడి రాదనీ హెచ్చరించారు. అది నమ్మి చమురు కొరత తప్పదని లెక్కలు కట్టినవారు వున్నారు.

జరిగింది వేరు. జూన్ చివరికి ధర 40 డాలర్లకు చేరగానే బావులు తెరిచారు. చాలావరకు ఇబ్బంది లేకుండా పోశాయి. మూతకు ముందటి కన్నా ఎక్కువగా కొద్దిరోజులు పోసినవీ వున్నాయి. మోటారు ఆపిన బోరు లెక్కే. శరత్కాలం నాటికి నార్త్ డకోటా ఉత్పత్తి 12 లక్షల పీపాలు దాటింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుపానుకు గొట్టాలు గడ్డకట్టి బావులు మూతపడ్డప్పుడూ ఇదే జరిగింది. ఆ నెల పడిపోయిన ఉత్పత్తి మార్చిలోనే తిరిగి వచ్చింది.

అయినా అమెరికా మొత్తం ఉత్పత్తి మూతకు ముందటి పాత రికార్డును మళ్లీ దాటింది 2023లో. మూసిన బావులు నెలల్లో తిరిగివస్తే ఇంత ఆలస్యం ఎందుకైంది? లోటు మూత వల్ల రాలేదు. ధర పడ్డ తరువాత కొత్త బావుల తవ్వకం ఆపివేయడం వల్ల వచ్చింది. ఏడాదిలో దిగుబడి సగానికి పడిపోయే బావులతో నడిచే పరిశ్రమలో తవ్వకం ఆగితే మొత్తం ఉత్పత్తి దానంతటదే జారుతుంది. మూసిన బావి గిడ్డంగిలోని సరుకు వంటిది, తాళం తీస్తే బజారుకు వస్తుంది. తవ్వని బావి విత్తనం వేయని చేను. 2020 వేసవిలో మొదటిదాన్ని చూసి కొన్నవారు త్వరపడ్డారు. రెండోదాన్ని చూసి నిదానంగా కొన్నవారికి తరువాతి రెండేళ్లు కలిసివచ్చాయి.

గోరుచిక్కుడు సంగతి

చీలికల్లోకి ఇసుకను మోసుకుపోవడానికి నీటిని చిక్కబరచాలి. దానికి వాడేది గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్. 2011-12లో అమెరికా కొనుగోళ్ల వేడికి గమ్ ధర క్వింటాలు లక్ష రూపాయల దగ్గరికి చేరడం, 2012 మార్చిలో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ వాయిదా వ్యాపారాన్ని నిలిపివేయడం, 2013 మేలో తిరిగి అనుమతించడం దలాలులెవరూ మరువలేదు. ఆ ఊపులో రాజస్థాన్ పంటను రాయలసీమ రైతులు సైతం వేసి చూశారు. ఆ ధర మళ్లీ రాలేదు. చాలా షేల్ కంపెనీలు గమ్ తగ్గించి, పల్చటి నీటిలో కృత్రిమ రసాయనం కలిపి ఎక్కించే పద్ధతికి మళ్లాయి.

గమ్ ఖర్చయ్యేది రాతిని చీల్చే రోజుల్లోనే. ఆ తరువాత బావిని పది రోజులు మూసినా, పది నెలలు మూసినా అదనంగా ఒక్క కిలో పట్టదు. కాబట్టి మూత వార్త మీద గోరుచిక్కుడు కొనడం, అమ్మడం రెండూ అర్థం లేనివే. తవ్వి, చీల్చకుండా వదిలేసిన బావులు వేరు. వాటిని మొదలుపెడితే గమ్‌కు గిరాకీ వస్తుంది. మూతకూ గమ్‌కూ వున్న సంబంధం ఒక్కటే: చిక్కటి జిగురును లోపల పలచబరిచే ఎంజైములు సరిగా పనిచేయకపోతే, మూసివుంచిన కాలంలో ఆ మడ్డి చీలికల్లోనే మిగిలి చమురుకు అడ్డం పడుతుంది. గమ్‌లో మడ్డి శాతం తక్కువ వున్న మేలు రకానికి ఎగుమతిదారులు హెచ్చు ధర అడగడానికి ఇదొక కారణం.

మన రాళ్లలో

కృష్ణా గోదావరి బేసిన్‌లోని రాఘవాపురం షేల్ పొరలు చమురుకు, వాయువుకు పుట్టినిల్లని ఓఎన్‌జీసీ ఎప్పటినుంచో ఎరుగును. 2013 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం షేల్ అన్వేషణకు ప్రభుత్వ రంగ సంస్థలకు అనుమతి ఇచ్చినప్పుడు ఓఎన్‌జీసీ ఎంచుకున్న బ్లాకుల్లో కృష్ణా గోదావరి ప్రాంతానివీ వున్నాయి. అదే ఏడాది అమెరికా ఇంధన సమాచార సంస్థ మన దేశంలో తీయగల షేల్ చమురు 380 కోట్ల పీపాలని అంచనా కట్టింది. అంచనా కాగితం మీదే వున్నది. వాణిజ్య స్థాయిలో షేల్ చమురు దేశంలో ఎక్కడా రాలేదు. కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర బిగుతు రాతిలో దొరికిన చమురుకు, మండపేట లోతు వాయువుకు మాత్రం చీల్చే పని అవసరమైంది. అక్కడి రాళ్లు వేడి, ఒత్తిడి ఎక్కువగా వున్నవి. బంకమన్ను పాలు కూడా తక్కువేం కాదు. ఎన్నాళ్లు నానాలన్న లెక్క డకోటా నుంచి తెచ్చుకుంటే ఇక్కడ పనికిరాదు. పచ్చని పొలాల మధ్య ఒక్కో బావికి కోట్ల లీటర్ల నీరు ఎక్కడిదన్న ప్రశ్న అంతకన్నా ముందు వస్తుంది.

అందువల్ల మన బజారుకు షేల్ అంటే ఇంకా విదేశీ సరుకే. దేశానికి కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతి. బ్యారెల్ ధర దిగినంత మాత్రాన బంకులో దిగుతుందన్న భరోసా కూడా లేదు. 2020 మే నెలలో చమురు నేలమట్టంగా వున్నప్పుడే కేంద్రం డీజిల్ మీద ఎక్సయిజు సుంకాన్ని లీటరుకు 13 రూపాయలు పెంచింది. జూన్ 7 నుంచి కంపెనీలు వరసగా ధర పెంచగా, జూన్ 24న ఢిల్లీలో డీజిల్ తొలిసారి పెట్రోలును మించింది. బావుల మూతను చూసి లారీ కిరాయి ఒప్పందాలు ఆలస్యం చేసినవారికి మూత వల్ల మేలూ కలగలేదు, తెరవడం వల్ల మేలూ కలగలేదు.

చమురు వాయిదాల్లో వున్నవారు కనిపెట్టవలసిన అంకెలు బహిరంగంగానే వెలువడుతాయి. అమెరికా వారపు నిల్వల లెక్క బుధవారం మన కాలమానం ప్రకారం వేసవిలో రాత్రి 8 గంటలకు, చలికాలంలో 9 గంటలకు వస్తుంది. తవ్వే రిగ్గుల లెక్క శుక్రవారం రాత్రి. రిగ్గు తవ్వకాన్ని చెబుతుంది గాని చీల్చే పనిని చెప్పదు, రెండింటికీ నడుమ నెలల తేడా వుండవచ్చు. బావుల వారీగా మూసినవెన్ని, పోస్తున్నవెన్ని అన్న నార్త్ డకోటా రాష్ట్ర లెక్క దాదాపు రెండు నెలలు ఆలస్యంగా చేతికందుతుంది. ఈలోగా వెలువడే మూత వార్తలో కారణం, గడువు లేకపోతే దాని మీద బేరం చేయకుండా వుండటమే మేలు.